ఉంగుటూరు జపాను బిళ్ళలు

ఉంగుటూరులో అబ్బాయిరాజుగారు కట్టిన కొత్త మేడకి గోడలనిండా పింగాణీ బిళ్ళలేనట. అవి జపాను దేశం నుంచి ఓడలో వచ్చాయట. కాకినాడ రేవులో దిగి, కాలువ మీద పడవలో ఊరు చేరాయట. బాలింతకి కోడిగుడ్లు పంపినట్టు గడ్డిలో పొదిగి పంపారట జపాను వాళ్ళు. ఒక్కొక్క బిళ్ళలో మొహం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చట. ఇదంతా మిషను ఆస్పత్రి నర్సు లిడియా కళ్ళారా చూసి, చెవులారా విని వచ్చి కృపమ్మకి చెప్పింది. కృపమ్మ ఆ మాటని పొయ్యి మీది ఎసరు మరిగేదాకా కూడా కడుపులో దాచుకోలేక, దొడ్డిగోడ మీదుగా తల ఎత్తి పక్కింటి సాబిరాకి చెప్పింది.

సాబిరా అప్పుడు పెరట్లో రాతి కల్వం కడుగుతోంది. రంగులు నూరే కల్వం అది. ఎంత తోమినా ఆమె గోళ్ళ సందుల్లో పచ్చదనం వదలడం లేదు.

"లిడియాకి అక్కడేం పని?" అంది తల ఎత్తకుండానే.

"రాజుగారి కోడలికి నెలలు నిండుతున్నాయి గదా, చూసి రమ్మని దొరసానిగారు పంపారు. ఈవిడ అడుగుపెట్టిన రోజే గృహప్రవేశం. ఇంకేం, పులిహోర తిని, మేడంతా తిరిగి మరీ వచ్చింది. వచ్చినవాళ్ళని రాజుగారే చెయ్యి పట్టుకు తీసికెళ్ళి గోడ తడిమిస్తున్నాడంట వదినా. 'జపానండీ, జపాను' అంటా."

"మరి మా ఆయన లేడా అక్కడ?"

కృపమ్మ తల గోడ వెనక్కి కొంచెం దిగింది. అసలు మాట ఆఖరికి దాచుకోవడం ఆమెకి అలవాటు. "ఉన్నాడు. అదే, చెప్పనా వద్దా అని చూస్తన్నా."

"చెప్పు."

"భీమవరం నుంచి వచ్చిన పెద్దమనిషెవరో, 'జపాను సరుకేనని నమ్మకం ఏంటండీ?' అన్నాడంట. రాజుగారు మీ ఆయన్ని పిలిచి, 'ఇదిగో, బిళ్ళల పని తెలిసిన సాయిబు. ఇతన్నే అడగండి' అన్నాడంట. మీ ఆయన గోడ దగ్గరికెళ్ళి, గోటితో టంగుమని కొట్టి చూసి, 'ఆయ్, జపానేనండీ. ఈ పనితనం మన దేశంలో ఎవరికీ రాదండీ' అన్నాడంట."

సాబిరా చేతిలోని కొబ్బరిపీచు ఆగిపోయింది. వసారాలో కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న అత్తగారు మరియంబీ మాత్రం నవ్వింది. "మగాడన్నాక పెద్దిళ్ళలో నాలుగు రకాలుగా మాట్లాడాలమ్మా. నీ బొమ్మ నీ పెట్టెలోంచి ఎవరన్నా ఎత్తుకుపోయారా? గోడమీదే ఉందిగా!"

గోడమీద ఉన్నది నిజమే. సాబిరా బాధ గోడ గురించి కాదు. "ఈ బొమ్మ వేసింది మా ఆవిడ" అని వహాబు నలుగురి ముందు ఒక్కసారి అనాలి. అంటానని మాట ఇచ్చాడు. ఆ మాట మీదే ఆమె చెయ్యకూడని పని ఒకటి చేసింది.

*

సాబిరా తండ్రి రసూల్ ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీల మగ్గాలకి నమూనాలు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రంగు చుక్క పెడితే, ఆ చుక్కల లెక్కన నేతగాళ్ళు ముడులు వేసేవాళ్ళు. తివాచీ సీమకి పోయేది, నమూనా కాగితం మగ్గాల యజమాని బీరువాలోకి పోయేది, రసూల్ ఇంటికి వచ్చేవాడు. మగపిల్లలు లేరు కాబట్టి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని గీత నేర్పాడు. తర్వాత సీమ దొరలకే చేతులాడని రోజులొచ్చాయి. తివాచీలు కొనేవాడు లేక మగ్గాలు సగానికి సగం మూలపడ్డాయి. ఆ దిగులుతోనే రసూల్ కన్ను మూశాడు.

అల్లుడు అబ్దుల్ వహాబు గోదావరి అవతల జాడీల కార్ఖానాలో కొన్నాళ్ళు పనిచేసి, ఊపిరితిత్తుల్లో పొడి దగ్గునీ, చేతుల్లో గాజుపూత విద్యనీ వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. పెరట్లో మనిషెత్తు ఇటుక బట్టీ కట్టి ఊరగాయ జాడీలు కాల్చాడు. సంతలో కార్ఖానా జాడీల పక్కన పెడితే వహాబు జాడీ పెళ్ళికూతురి పక్కన తోడుపెళ్ళికూతురిలా ఉండేది. ఎవరూ కొనలేదు. అలా మిగిలిపోయిన రోజుల్లో ఒకసారి సాబిరా పచ్చి మన్ను పలక మీద తండ్రి వేసే తివాచీ మూల పువ్వుని గీసి, రంగు నింపి, బట్టీలో ఓ మూల పెట్టింది. బయటికొచ్చాక వహాబు ఆ పలకని ఎండలోకి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ రోజు నుంచి ఆ పెరట్లో జాడీల మాట లేదు.

నాలుగు బిళ్ళలు కలిపితే ఒక పువ్వు. పదహారు కలిపితే పువ్వుల చుట్టూ తీగ. ఎన్ని కలిపితే అంత తోట. దర్గా గోడకి ఒక వరస వేస్తే, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన అబ్బాయిరాజుగారి భార్య చూసి, అక్కడే నిలబడిపోయిందట. వారం తిరక్కుండా రాజుగారు గుర్రబ్బండి కట్టించుకుని తంగెళ్ళమూడి వచ్చాడు.

వచ్చి ఒక్కటే షరతు పెట్టాడు.

"మా వంశంలో కొన్న మన్ను ఇంటికి తగలనివ్వరు సాయిబూ. మా తాతగారి లోగిలి ఇటుకలు మా చేలో కాల్చినవే. మా నాన్నగారి గాదెలూ అంతే. కొన్న మన్నుతో కట్టిన ఇల్లు ఎప్పటికీ అద్దె ఇల్లే. మన్ను నేను పంపుతాను. కొల్లేటికోట దగ్గర మాకు లంక భూమి ఉంది, ఎండాకాలం తేలుతుంది. అక్కడి మన్ను వెన్నయ్యా, వెన్న!"

"చిత్తం రాజుగారూ," అన్నాడు వహాబు. ఆయన బండి వీధి మలుపు తిరిగేదాకా చిత్తం చిత్తం అంటూనే ఉన్నాడు.

మన్ను తాటిదోనెల్లో కొల్లేరు దాటి, బండ్ల మీద పెరట్లోకి వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, నిజంగానే వెన్నలా ఉంది. సాబిరా చిటికెడు తీసి పంటికింద వేసుకుంది. కరకరమంది.

"ఏవండీ, దీన్లో గుల్ల ఉంది."

"కొల్లేటి మన్నులో గుల్ల ఉండకేం? నత్తలు కాపురం చేసిన చోటు అది."

"కాలిస్తే సున్నం అవుతుంది."

"అవుతుంది."

"ఆ సున్నానికి చెమ్మ తగిలితే?"

ఏలూరులో ఇంటికి వెల్ల వేయించుకున్న ఎవడికైనా ఆ సంగతి తెలుసు. ఊళ్ళో సున్నమంతా ఆ కొల్లేటి గుల్లలు కాల్చి చేసిందే. కాలిన గుల్ల మీద నీళ్ళు చల్లితే కుతకుతలాడి, ఉబ్బి, పువ్వులా విచ్చుకుని పిండై కూర్చుంటుంది. బిళ్ళ కడుపులో ఆవగింజంత గుల్ల మిగిలినా దానికీ అదే బుద్ధి. వానాకాలం వచ్చి గోడ చెమ్మ పీల్చిననాడు అది ఉబ్బుతుంది, మీదున్న గాజుపూతని పెచ్చుగా ఎగరగొడుతుంది.

"పెదవేగి ఎర్రమన్నుతో చేద్దాం. రాజుగారికి సంగతి చెప్పండి," అంది సాబిరా.

"చెబితే ఆయన ఇంకోణ్ణి చూసుకుంటాడు."

"ఇంకోడు ఎక్కడున్నాడు?"

"లేడు. అది ఆయనకి తెలియదుగా." వహాబు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "నువ్వు వడగట్టు. నీ చెయ్యి పడితే రాయి కూడా మెత్తబడుతుంది."

పొగడ్త పనిచేసింది. సాబిరా తన పాత మల్లు ఓణీ చింపి నాలుగు మడతలు వేసింది. గోలెంలో మన్ను కలిపి, తేరనిచ్చి, పైపై నీళ్ళ మన్నుని చెంబుతో ముంచి ఆ గుడ్డలో పోసేది. చుక్కచుక్కగా దిగేది. ఒక గోలెం వడకట్టడానికి పొద్దు గుంకేది. గుడ్డ మీద మిగిలిన గుల్ల నలుసుల్ని దోసిట పట్టి కంచె అవతల పారబోసేది. ఆ మన్ను మీగడలా వచ్చింది. చట్రాల్లో కొట్టి, నీడన ఆరబెట్టి, ఒకవైపే ఆరి వంగిపోకుండా పూటపూటకీ తిప్పి, మొదటి కాల్పు కాల్చారు. ఆ బిళ్ళలు గోటితో కొడితే గంటలా పలికాయి. అవి ముందుసావిడి గోడలకి.

ఇంకా కావలసినవి వెనక గదులకి. భోజనాల గది, దేవుడి గది. అవి చెయ్యాల్సిన రోజుల్లోనే సాబిరాకి చలిజ్వరం పట్టుకుంది. గొంగళి కప్పుకుని వణుకుతూ పడుకుంటే పెరట్లోంచి చప్పుడు వినిపించేది: జల్లెడ ఆడే చప్పుడు. మల్లుగుడ్డకి చప్పుడు ఉండదే అని జ్వరంలోనే అనుకుంది.

లేచి బయటికొచ్చేసరికి వెనకగది బిళ్ళలు మొదటి కాల్పు అయిపోయి వరసలు పేర్చి ఉన్నాయి. గోడకి నూకల జల్లెడ వేలాడుతోంది, మన్ను పట్టి. విరిగిన ఒక బిళ్ళముక్క తీసుకుని అంచు చూసింది. నల్లటి మన్ను ఎర్రగా కాలింది. ఆ ఎరుపులో అక్కడక్కడా తెల్లటి చుక్కలు, ఆకాశంలో చుక్కల్లా.

"ఇవి లేచిపోతాయి," అంది.

"ముహూర్తం ముంచుకొస్తోంది. రాజుగారి మనిషి రోజూ వచ్చి గుమ్మంలో కూర్చుంటున్నాడు. నీ గుడ్డలో పోసుకుంటూ కూర్చుంటే వచ్చే ఏటికి అవుతాయి."

"మళ్ళీ చేద్దాం. లేకపోతే రాజుగారికి చెబుతాను, నేనే చెబుతాను."

అప్పుడు వహాబు ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. గొంతు మెత్తగా చేశాడు. "ఇన్నేళ్ళుగా నీకొక కోరిక ఉంది. మీ నాన్న చేతి గీత ఆయన పేరు మీద ఒక్కనాడూ పలకలేదని ఏడుస్తావు. ఇవి రంగు వేసిపెట్టు. గృహప్రవేశంనాడు రాజుగారి ముందూ, వచ్చిన పెద్దమనుషుల ముందూ, ఈ బొమ్మలన్నీ మా ఆవిడ వేసిందండీ, తంగెళ్ళమూడి రసూల్ కూతురండీ అని చెబుతాను. నా తల్లి మీద ఒట్టు."

మరియంబీ వసారాలోంచి, "నా మీదెందుకురా, ఇంకెవరూ దొరకలేదా?" అంది.

సాబిరా ఆ బిళ్ళముక్కని చేతిలో చాలాసేపు తిప్పింది. తర్వాత కుంచె తీసుకుంది.

వేసిన బొమ్మలో మాత్రం లోపం పెట్టలేదు. లోపం పెట్టడం ఆమెకి చేతకాదు. ముందుగది తామరలకి ఎంత ప్రాణం పోసిందో వెనకగది కలువలకీ అంతే పోసింది. ఆకుపచ్చ రాగిచిలుములోంచి తీసింది. నీలం మద్రాసు నుంచి పొట్లాల్లో తెప్పించింది. సీసం బూడిద, పలుగురాయి పొడి, వీధిలో ఆడవాళ్ళ దగ్గర పోగుచేసిన పగిలిన గాజుల పొడి కల్వంలో నూరి, పాలలా కలిపి, రంగుల మీద పూత పోసింది. పూత పడ్డ బిళ్ళలన్నీ ఒక్కటే తెలుపు. లోపల ఏ పువ్వుందో వేసినవాళ్ళకే తెలుసు.

తెల్లవారుజామున సరుగుడు కట్టెలతో మంట మొదలుపెట్టారు. వహాబు కట్టెలు వేస్తుంటే, సాబిరా బట్టీ కన్నంలోంచి చూస్తూ రంగు చెప్పేది. మందారం ఎరుపు. తర్వాత ఇటుక ఎరుపు. తర్వాత కమలాపండు. కమలాపండు రంగు తొక్క పలచబడినట్టు పసుపుపచ్చకి తిరిగే క్షణాన పూత కరిగి అద్దంలా నిగారిస్తుంది. ఆ క్షణం దాటితే రంగులు కారిపోతాయి.

"చాలు," అంది సాయంత్రం.

వహాబు కన్నాలు మట్టితో మూశాడు. బట్టీ చల్లారి తలుపు ఇటుకలు తీసిన రోజున, ఎప్పుడూ కోడల్ని మెచ్చని మరియంబీ కూడా చేతిలో వక్క నోట్లో వేసుకోవడం మరిచిపోయి చూసింది.

బిళ్ళలు గడ్డిలో పొదిగి పడవలో వెళ్ళిపోయాయి. ఆ గడ్డి పొదిగింది సాబిరాయే. లిడియా చెప్పిన జపాను కథలో ఆ గడ్డీ, ఆ పడవా మాత్రం నిజం.

*

కృపమ్మ ఆ కబురు చెప్పిన సాయంత్రం వహాబు బజారు నుంచి వచ్చేసరికి సాబిరా గుమ్మంలోనే కూర్చుని ఉంది. రాజుగారు పెట్టిన కొత్త పంచె వహాబు ఒంటిమీద ఉంది.

"గోటితో కొట్టి చూశారటగా?" అంది.

వహాబు చెప్పులు విడిచే పని పెట్టుకున్నాడు.

"మన దేశంలో ఎవరికీ రాదన్నారట?"

"ఎవరు చెప్పారు? ఆ కృపమ్మేనా? ఆవిడ నోరు కాలువ లాకు. ఎత్తితే దించడం ఉండదు."

గోడ అవతల నుంచి కృపమ్మ, "నాకు వినపడతంది అన్నయ్యగారూ!" అంది.

వహాబు గొంతు తగ్గించాడు. "రాజుగారు ముందే కట్టడి చేశాడు. 'ఏలూరు సరుకంటే ఎవడయ్యా తల ఎత్తి చూసేది? జపానంటే పది ఊళ్ళు వస్తాయి. వచ్చినవాడు నాకూ కావాలంటాడు. అప్పుడు నీకే పని' అన్నాడు. భీమవరం ఆయన అడిగాడు కూడా. ముదినేపల్లి వాళ్ళొకరు అడిగారు."

"వాళ్ళకీ జపాను వాళ్ళమేనా?"

"పొయ్యి వెలిగితే చాలదా? ఏ దేశమైతే ఏం?"

"మన్ను ఆయన సొంతం కావాలి. పేరు జపానుది కావాలి. మధ్యలో మీరూ నేనూ ఎవరం?"

"ఎవరం కాము. నా పేరే చెప్పుకోలేని చోట నీ పేరు ఎలా చెప్పమంటావు?"

"అది ఒట్టు వేసేముందు తెలియదా?"

వహాబు దగ్గు తెరలో కొట్టుకుపోయాడు. దగ్గు నిజమైనదే కానీ, సరిగ్గా కావలసినప్పుడు వస్తుంది. సాబిరా లేచి లోపలికెళ్ళి కుంచెలు కడిగి, గుడ్డలో చుట్టి, తండ్రి గళ్ళ కాగితాల మీద పెట్టి పెట్టె మూసింది. భీమవరం ఆయనకి చూపించడానికి వహాబు తనే రెండు బిళ్ళలు గీశాడు. "ఇదేం పువ్వురా, గుమ్మడికాయ బద్దలా ఉంది," అంది తల్లి. సాబిరా మాత్రం పెట్టె తెరవలేదు.

*

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. కొల్లేరు పొంగి లంకలు మునిగాయి. అబ్బాయిరాజుగారి మన్ను తవ్విన గుంట కూడా నీళ్ళకింద పడింది.

ఉంగుటూరు మేడలో మొదట భోజనాల గదిలో మొదలైందట. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళకి గోడలో ఎవరో చిటిక వేసినట్టు టప్ మని వినిపించింది. పప్పులో ఏదో పడింది. తీసి చూస్తే గాజుపెచ్చు, గోరంత, దాని మీద సగం కలువ రేకు. గోడమీద బిళ్ళలో చిన్న గుంట, గుంట అడుగున తెల్లటి చుక్క. ఎలుకలనుకున్నారు. మరునాడు దేవుడి గదిలో. ఆ తర్వాత రోజూ, పూటపూటా. దీపం వెలిగిస్తుంటే ఒక పెచ్చు రాజుగారి భార్య అరికాల్లో దిగింది. చీము పట్టి మిషను ఆస్పత్రికి తెచ్చారు. కట్టు కట్టింది లిడియాయే. ఇంకేం, అదే పూట కబురు దొడ్డిగోడ దగ్గరికి వచ్చేసింది.

"వదినా, ఇప్పుడు జపాను మాట ఎవరూ ఎత్తడం లేదంట," అంది కృపమ్మ. ఈసారి ఆమె గొంతులో సరదా లేదు. "'ఏలూరు సాయిబు చేసిన బిళ్ళలు, వహాబని ఒకడున్నాడు, ముంచేశాడు' అని రాజుగారు కనపడినవాడికల్లా చెబుతున్నాడంట. తాడేపల్లిగూడెం సంతలో కూడా అదే మాట. మీ ఆయన పేరు తెలియనివాడు లేడంట."

"పేరు కావాలన్నారుగా," అంది మరియంబీ. ఎవర్నన్నదో ఆమెకే తెలియాలి.

భీమవరం ఆయన వద్దని కబురు పంపాడు. ముదినేపల్లివాళ్ళు ఆ కబురు కూడా పంపలేదు. వహాబు బట్టీ దగ్గరికి వెళ్ళడం మానేశాడు. వాన వెలిసిన పూటల్లో వసారాలో కూర్చుని, వీధిలో బండి చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడేవాడు.

ఆ బండి ఒకనాడు రానే వచ్చింది. అబ్బాయిరాజుగారు దిగాడు. వెనక ఆయన బావమరిది కనకరాజు ఒక తట్ట మోసుకొచ్చి వసారా మెట్టు మీద గుమ్మరించాడు. పెచ్చులు. నీలం, పచ్చ, తెలుపు. వానచినుకులు పడి ఇంకా తళతళలాడుతున్నాయి.

"చూసుకో సాయిబూ, నీ పనితనం," అన్నాడు కనకరాజు. "మా అక్క కాలు ఇంతలావు వాచింది. అన్నం తినాలంటే విస్తరి మీద గొడుగు పట్టుకోవాల్సొస్తోంది."

వీధిలో మనుషులు పోగయ్యారు. తివాచీ మగ్గాల వాళ్ళూ, మసీదు నుంచి వస్తున్నవాళ్ళూ, ఇద్దరు ముగ్గురు సాబిరా తండ్రితో కలిసి పనిచేసినవాళ్ళూ. కృపమ్మ తల గోడ మీద తేలింది. సాబిరా తలుపుకి వేలాడే గోనెపట్టా తెర వెనక నిలబడింది. ఆ సందులోంచి ఆమెకి మెట్టు మీది కుప్ప మాత్రమే కనిపిస్తోంది. ఏ పెచ్చు ఏ పువ్వుదో ఆమెకి వెంటనే తెలిసింది. అందులో ఒక్క తామర రేకు కూడా లేదు.

"తమరు పెద్దవారు, కూర్చోండి రాజుగారూ," అన్నాడు వహాబు.

"కూర్చోడానికి రాలేదయ్యా. ఒక్క సంగతి చెప్పు. ముందుసావిట్లో ఒక్కటంటే ఒక్కటి చెక్కు చెదరలేదు. వెనక గదులవే ఇలా ఎందుకు లేచాయి? కనపడే చోట మంచివి పెట్టి, నాసివి వెనక్కి తోశావన్నమాట!"

"లేదండీ, దేవుడి తోడండీ. అన్నీ ఒకే బట్టీ అండీ."

"మరి? ఒకే మన్నాయె. నేను పంపిన మన్నే. మా లంక మన్నులో ఏం దోషం ఉందంటావు?"

ఇక్కడ ఒక్కమాట చాలు. గుల్ల ఉందండీ, సున్నమైందండీ, నూకల జల్లెడ పట్టానండీ. వీధిలో నిలబడ్డ ప్రతివాడూ సున్నం ఎరిగినవాడే. కానీ రాజుగారి మన్నుని రాజుగారి ముందు తప్పు పట్టడమంటే ఆయన తాతనీ తండ్రినీ కలిపి తప్పు పట్టడం. వహాబు ఆయన మొహం చూశాడు, కనకరాజు మొహం చూశాడు, పోగైన జనం వంక చూశాడు. చివరికి ఎదురు మాట్లాడదనుకున్న చోటు ఒకటి దొరికింది.

"మన్ను బంగారమండీ. తమరి మన్నుకి వంక పెడితే కళ్ళు పోతాయి. వడకట్టే దగ్గర జరిగిందండీ పొరపాటు. ఆ పని మా ఆడవాళ్ళదండీ. జ్వరం మనిషి, కంటికి ఆనలేదు."

"ఆడవాళ్ళ చేతిలో పెట్టావా నా ఇంటి పని?"

"పెట్టానండీ, బుద్ధి తక్కువై. వడకట్టడమే కాదండీ, బొమ్మలు గీసిందీ ఆవిడే. రంగులు కలిపిందీ ఆవిడే. పూత పోసిందీ ఆవిడే. తంగెళ్ళమూడి రసూల్ అని తివాచీలవాడు, ఆయన కూతురండీ. మొదట్నుంచీ అంతా ఆవిడ చేతిమీదుగానే నడిచిందండీ. నాదేం లేదండీ."

తెర వెనక సాబిరా కళ్ళు మూసుకుంది. అచ్చంగా ఈ మాటలే. ఒక్క అక్షరం తక్కువ కాకుండా, తండ్రి పేరుతో సహా, పెద్దమనుషుల ముందు. తండ్రితో పనిచేసిన ముసలాయన ఒకరు తల వంచుకోవడం ఆమెకి కనపడలేదు గానీ, రసూల్ పేరు వినగానే జనంలో లేచిన "చ్చొచ్చొచ్చొ" మాత్రం వినపడింది.

రాజుగారు గోనెపట్టా వైపు చూశాడు. పరాయి ఆడమనిషితో నేరుగా మాట్లాడ్డం ఆయనకి మర్యాద కాదు. గాలితో అన్నట్టు అన్నాడు. "చెప్పమనవయ్యా మరి. చేసింది ఆవిడేనా?"

"చెప్పవే," అన్నాడు వహాబు తెర వైపు తిరిగి. గొంతులో బతిమాలుకోలు ఉంది. "పొరపాటైంది, క్షమించండని చెప్పు. పెద్దవారు, దయతలుస్తారు."

మరియంబీ వక్కల కత్తెర పక్కన పెట్టింది. "ఒప్పేసుకో అమ్మా," అంది మెల్లగా. "ఆడదాని తప్పు ఊరికి ఎన్నాళ్ళో గుర్తుండదు."

సాబిరా తెర తొలగించి బయటికి వచ్చింది. ఆ వీధి మగవాళ్ళలో చాలామంది ఆమె మొహం అంతకుముందు చూసి ఎరగరు. వంగి మెట్టు మీది కుప్పలోంచి ఒక పెచ్చు తీసి, వెనక్కి తిప్పి, తెల్లటి చుక్క పైకి వచ్చేలా అరచేతిలో పెట్టుకుని రాజుగారి ముందుకి చాపింది.

"ముందుసావిట్లో పగలనివి నావండీ," అంది. "వెనక పగిలినవి ఈయనవి. మన్ను తమరిది."